సమాజానికి పనికొచ్చే చదువుకు ఏ స్కాలర్‌షిప్ మంచిది?

స్కాలర్‌షిప్ వచ్చిందనగానే ఇంట్లోవాళ్లూ చుట్టాలూ అడిగే మొదటి మాట "ఎంతిస్తారంట?" అని. చదువవగానే పెద్ద జీతం చూసుకునే పిల్లలకు ఆ లెక్క సరిపోతుంది. సర్కారు బడిలో టీచరవుదామని, ఊరి ఆసుపత్రిలో డాక్టరవుదామని, ప్రజారోగ్యంలోనో పరిశోధనలోనో కలెక్టరేట్‌లోనో పనిచేద్దామని అనుకునే పిల్లలకు మాత్రం అది చాలదు. వాళ్లు ముందుగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. చదువు ముగిసేసరికి నెత్తిన అప్పెంత మిగులుతుంది? డబ్బిచ్చినవాళ్లు బదులుగా ఏం అడుగుతున్నారు?

ఇదేదో ఆదర్శం కోసం చెబుతున్నది కాదు, నెలవారీ లెక్క. ఇరవై లక్షల విద్యారుణాన్ని పదిన్నర శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 27 వేలు కట్టాలి. గ్రామీణాభివృద్ధిలోనో బాలల హక్కుల మీదో పనిచేసే సంస్థల్లో కొత్తగా చేరినవాళ్ల జీతంలో చాలాభాగం ఆ వాయిదాకే పోతుంది. అందుకే ఎంతో ఇష్టపడి సోషల్ వర్క్ చదివిన పిల్లలు కూడా ఏడాది తిరక్కుండానే ఏదో కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో తేలుతుంటారు. వాళ్లని తప్పుపట్టలేం. మంచి స్కాలర్‌షిప్ అంటే నా దృష్టిలో తక్కువ జీతమొచ్చే మంచి పనిని ఒప్పుకునే వెసులుబాటు ఇచ్చేది.

ఉచితం, బాండు, అప్పు

పేర్లు ఎన్నున్నా స్కాలర్‌షిప్పులు మూడు రకాలు. తిరిగి ఇవ్వనక్కర్లేనివి కొన్ని, ఇన్నేళ్లు మా దగ్గర పనిచేయాలి అని బాండు రాయించుకునేవి కొన్ని, స్కాలర్‌షిప్ అని పేరు పెట్టుకున్న అప్పులు కొన్ని. మూడింటితోనూ గొప్పవాళ్లు తయారయ్యారు. ఏది ఎలా పనిచేస్తుందో వాళ్ల జీవితాల్లోనే కనబడుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి 1920ల మొదట్లో హార్వర్డ్ వెళ్లాలనుకున్నప్పుడు చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత సర్దారు. మరికొంత ఆసరా కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ నుంచి దొరికింది. నాయకర్ రంగూన్‌లో వ్యాపారం చేసి సంపాదించి, చదువుల కోసం ఆస్తి రాసిపెట్టిన మనిషి. ఆ సాయంతో ఓడెక్కిన సుబ్బారావు తర్వాత అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డైఇథైల్‌కార్బమజైన్ వంటి మందులు తయారైన పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఈ చివరిది బోదకాలు మందు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర అదే. ఆయన ఇండియాకు తిరిగి రాలేదు, 1948లో అమెరికాలోనే పోయారు. మాత్ర మాత్రం గోదావరి జిల్లాల పల్లెలకు వచ్చింది. మూడేళ్లలో తిరిగొచ్చి ఫలానా చోట ప్రాక్టీసు పెట్టాలన్న బాండు ఆయన్ని కట్టేసి ఉంటే ఇది జరిగేదా? దేశంలో ఉండటమే సేవకు కొలత అనుకునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

బాండు కథ అంబేద్కర్‌ది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయన్ని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు ఇచ్చేట్టు, చదువయ్యాక పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేసేట్టు ఒప్పందం. 1917లో తిరిగొచ్చి బరోడాలో చేరితే కులం కారణంగా ఉండటానికి ఇల్లు దొరకలేదు, దిగిన సత్రంలోంచి వెళ్లగొట్టారు, ఆఫీసులో అవమానాలు. కొద్దికాలానికే వదిలి రావాల్సి వచ్చింది. డబ్బిచ్చిన మహారాజు మనసు మంచిదే, ఒప్పందమూ న్యాయమైనదే. పనిచేయాల్సిన చోటు మాత్రం ఆ ఒప్పందాన్ని నిలబెట్టలేదు. బాండు చదివేటప్పుడు ఎన్నేళ్లు అని మాత్రమే చూడకండి. ఎక్కడ, ఎవరి కింద, ఏ పనిలో, వసతి ఎవరిస్తారు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయో లేదో చూడండి.

మూడోరకానికి పెద్ద ఉదాహరణ జేఎన్ టాటా ఎండోమెంట్. జంషెడ్జీ టాటా 1892లో నెలకొల్పింది. ఇది ఇచ్చేది లోన్ స్కాలర్‌షిప్, అంటే తిరిగి కట్టాలి. తర్వాత రాష్ట్రపతి అయిన కేఆర్ నారాయణన్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివింది టాటా స్కాలర్‌గానే. ఒకరు తీర్చిన అప్పుతో ఇంకొకరు చదువుకుంటారు కాబట్టి ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. విదేశీ ఖర్చు మొత్తానికి మాత్రం దీని మీదే ఆధారపడొద్దు.

ఎనిమిదో తరగతిలోనే మొదలయ్యే ఎంపిక

ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదివే పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్‌ఎంఎంఎస్) ఉంది. ఎనిమిదిలో పరీక్ష రాస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. దేశం మొత్తం మీద లక్ష స్కాలర్‌షిప్పులు, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4,087, తెలంగాణకు 2,921. నాలుగేళ్లకు కలిపి 48 వేలు చిన్న మొత్తంలా కనబడొచ్చు. పిల్లని చదువు మాన్పించి పనికి పంపాలా అని ఇంట్లో ఆలోచించే వయసు సరిగ్గా అదే కాబట్టి దాని విలువ అంకెకన్నా పెద్దది.

చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. పది పాసై ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే ఈ స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 55. ఆ తర్వాత ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలోనే ఉండాలి. భోజనం, వసతి ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ గురుకులాలకు కూడా ఇది వర్తించదు. అలాంటప్పుడు ఏది వదులుకోవాలి? గురుకుల జూనియర్ కాలేజీలో సీటొస్తే మారుమాట లేకుండా గురుకులానికే వెళ్లమంటాను, రెండేళ్ల తిండీ వసతీ చదువూ 24 వేల కంటే ఎక్కువే. కార్పొరేట్ కాలేజీ కోసం వదులుకోవడం వేరే సంగతి. అక్కడ ఫీజు రాయితీ అని చేర్చుకుని తర్వాత ఏయే పేర్లతో ఎంత అడుగుతారో రాతలో తీసుకున్నాకే అడుగెయ్యండి.

ఇంటర్ తర్వాత: అసలు తికమక ఇక్కడే

ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన ఒక అమ్మాయిని తీసుకుందాం. జీవశాస్త్రమంటే ఇష్టం, పరిశోధన చేయాలనుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాస్తే ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ బయోటెక్నాలజీ సీటొచ్చింది. ఇంకోవైపు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ.

బీటెక్ వైపు వెళితే అర్హతను బట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అమ్మాయిలకు సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల దాకా. వైకల్యం ఉన్న పిల్లలకు ఇంతే మొత్తంతో సక్షమ్, తల్లిదండ్రుల్లేని పిల్లలకు స్వనాథ్ ఉన్నాయి. బీఎస్సీ వైపు వెళితే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. బోర్డులో పైనున్న ఒక శాతంలో ఉండి, భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాల వంటి మౌలిక విజ్ఞానంలో బీఎస్సీనో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీనో చేరితే ఏడాదికి 80,000. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టుకి. ఎమ్మెస్సీ దాకా ఐదేళ్లు ఇస్తారు. ఇంజనీరింగ్‌కీ వైద్యానికీ ఇవ్వరు.

రూపాయల్లో చూస్తే ప్రగతి నాలుగేళ్లకు రెండు లక్షలు, ఇన్‌స్పైర్ నగదు ఐదేళ్లకు మూడు లక్షలు. పెద్ద తేడా కాదు. తేడా అంతా ఆ 20,000లో ఉంది. ఒక వేసవి ఏ విశ్వవిద్యాలయం ల్యాబ్‌లోనో కూర్చుని, ఒక శాస్త్రవేత్త పక్కన పనిచేసి, రిపోర్టు రాయాలి. పరిశోధనే దారి అనుకున్న అమ్మాయికి పద్దెనిమిదేళ్లకే ఆ తలుపు తెరుచుకోవడం చిన్న విషయం కాదు. అందుకని నేనైతే బీఎస్సీ వైపు మొగ్గుతాను. ఒక్క జాగ్రత్త: మన ఇంటర్ బోర్డుల్లో ఆ ఒక శాతం కటాఫ్ చాలా ఎత్తున ఉంటుంది, డబ్బు కూడా ఆలస్యంగా పడొచ్చు. మొదటి ఏడాది ఖర్చులకు వేరే ఏర్పాటు ఉండాలి.

ఒక శాతంలో లేనివాళ్లకు కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. బోర్డులో పై ఇరవై శాతంలో ఉండాలి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు. డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000, నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఏటా 82,000 మందికి ఇస్తారు, సగం అమ్మాయిలకే. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఇది రాదు. ఇక్కడ లెక్క సులభం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నామమాత్రపు ఫీజున్న కోర్సుకి 12,000 మేలు, ప్రైవేటు ప్రొఫెషనల్ కోర్సుకి రీయింబర్స్‌మెంట్ మేలు. రీయింబర్స్‌మెంట్‌తో ఉన్న చిక్కు రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసిందే. బకాయిలు పేరుకుపోతే కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపుతారు. పీజీ అడ్మిషన్ రోజున మెమోలు చేతికి రాక ఏడ్చే పిల్లలు ప్రతి ఏడాదీ కనబడతారు. చేరేముందే ఆ కాలేజీ సీనియర్లని ఈ ఒక్క ముక్క అడగండి: పాసయ్యాక మీ సర్టిఫికెట్లు ఎన్నాళ్లకు చేతికొచ్చాయి?

ప్రైవేటు సంస్థల్లో రిలయన్స్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ చూడదగ్గది. డిగ్రీ మొదటి ఏడాదివాళ్లు ఐదు వేల మందికి, కోర్సు మొత్తం మీద రెండు లక్షల దాకా, ఏ కోర్సైనా సరే. ప్రభుత్వ బడుల్లో పదీ ఇంటరూ చదివిన అమ్మాయిలకు అజీం ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ఏడాదికి 30,000. అన్ని రాష్ట్రాల్లోనూ లేదు, మీ రాష్ట్రం జాబితాలో ఉందో లేదో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి.

వైద్యం చదవాలనుకునేవాళ్లకు

ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వస్తే వేరే చూడనక్కర్లేదు, ఫీజే తక్కువ. పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీ, వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) సేవను చదువులోనే కలిపేసుకున్న చోట్లు. ఏఎఫ్‌ఎంసీలో చదువుకి ప్రభుత్వమే పెట్టుకుంటుంది, చదువయ్యాక సైనిక వైద్య సేవల్లో అధికారిగా చేరాలి, కాదంటే బాండు మొత్తం కట్టాలి. వెల్లూరులో మిషన్ ఆసుపత్రుల తరఫున స్పాన్సర్ అయిన విద్యార్థులు తర్వాత రెండేళ్లు అలాంటి ఆసుపత్రుల్లో పనిచేస్తారు. చిన్న ఊళ్లో, పరికరాలు తక్కువున్న చోట, అన్నిరకాల రోగుల్నీ చూడాల్సిన రెండేళ్లు అవి. గ్రామీణ వైద్యం మీద నిజంగా మనసున్నవాళ్లకు ఆ బాండు శిక్షణ కిందే లెక్క. పీజీ సీటు కోసం తొందరపడేవాళ్లకు మాత్రం బరువే. మీరు ఏ రకమో మీకు మీరు నిజాయితీగా చెప్పుకోవాలి, ఇంట్లోవాళ్ల కోసం కాదు.

పీజీ: బెంగళూరా, గచ్చిబౌలియా?

విద్య, అభివృద్ధి, ప్రజా విధానం వంటి చదువులకు మన పిల్లలు ఎక్కువగా చూసేవి రెండు. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఫీజు ఎక్కువ. కానీ కుటుంబ ఆదాయాన్ని బట్టి ట్యూషన్, వసతి, భోజనం ఖర్చులో కొంత నుంచి పూర్తిదాకా వాళ్లే భరిస్తారు. ఫీల్డ్‌వర్క్ ఎక్కువ, చదువయ్యాక స్వచ్ఛంద రంగంలో ఉద్యోగాలకు దారి బాగా ఉంటుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫీజే తక్కువ, పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌తో నడిచిపోతుంది, పరిశోధన వాతావరణం గట్టిది. క్షేత్రంలో పనిచేయాలనుంటే మొదటిది, పీహెచ్‌డీ చేసి అధ్యాపకులవుదామనుంటే రెండోది. యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటద్దె భత్యం. బాండు లేదు. తల్లిదండ్రులకు నెలనెలా కొంత పంపుతూ చదువుకోగల స్థాయి అది, మన దేశంలో పేదింటి పిల్లలకు ఇంతకన్నా మంచి పరిశోధక వృత్తి వేతనం తక్కువే.

సివిల్స్‌కి చదివే తెలంగాణ పిల్లలు ప్రిలిమ్స్ గట్టెక్కితే సింగరేణి ద్వారా రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం కింద లక్ష రూపాయలు వస్తాయి. 2024లో మొదలైంది. మెయిన్స్‌కి ముందు ఆ మూడు నెలలు ఉద్యోగం చేయకుండా చదువుకోవడానికి అది ఆసరా.

విదేశాలకు వెళ్లేవాళ్లు నెమ్మదిగా చదవాల్సిన భాగం

ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను. డిగ్రీ అవగానే ఇరవై రెండేళ్లకే మాస్టర్స్‌కి ఎగరకండి. రెండు మూడేళ్లు ఇక్కడ పనిచేసి వెళ్లండి.

కారణం డబ్బే. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఇలాంటివే ఉన్నాయి. ఇరవై లక్షల దాకా ఇస్తారు, ఆదాయం ఐదు లక్షల లోపుండాలి. మేలైన పథకాలే. కానీ డబ్బు అక్కడ దిగినట్టు కాగితం చూపించాక సగం, మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత మిగతా సగం. అంటే విమానం ఎక్కే ముందు పెట్టాల్సిన డిపాజిట్లూ ఫీజులూ మీ చేతి నుంచే. ఆ ఖాళీని పూడ్చడానికి కుటుంబాలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాయి. అమెరికాలో రెండేళ్ల మాస్టర్స్ మొత్తం ఖర్చుకి ఇరవై లక్షలు సరిపోవు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పథకం ప్రభుత్వం మారినప్పుడల్లా పేరూ నిబంధనలూ మార్చుకుంటూ వచ్చింది. అందుకని ఆ ఏడాది ఉత్తర్వు చూడకుండా లెక్కలేసుకోకండి.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇంతకన్నా నిండైనది. ఫీజుతోపాటు జీవన వ్యయం ఇస్తుంది, అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌన్లు. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు ఏటా 125 మందికి. 2022 నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాల వంటి విషయాలను పక్కనపెట్టారు. కులం మీదనో ఊరి సమాజం మీదనో పరిశోధించాలనుకునే పిల్లలకు ఇది నేరుగా తగిలే దెబ్బ, నా ఉద్దేశంలో అన్యాయం కూడా. వాళ్లు బ్రిటన్ ఇచ్చే కామన్వెల్త్ స్కాలర్‌షిప్ వైపు చూడాలి.

పని అనుభవం వచ్చాక దారులు మారిపోతాయి. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చెవెనింగ్ ఒక ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, నెలసరి ఖర్చు, విమాన చార్జీ అన్నీ భరిస్తుంది. రెండేళ్ల అనుభవం అడుగుతుంది, గంటల్లో 2,800. పార్ట్‌టైమ్, స్వచ్ఛంద పని కూడా లెక్కలోకి వస్తాయి. చదువయ్యాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అమెరికాలో చదివించే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కి మూడేళ్ల అనుభవం కావాలి, అక్కడా తిరిగి రావాల్సిందే. ఈ తిరుగు షరతు బరోడా బాండు లాంటిది కాదు. మీ దేశంలో మీకు నచ్చిన పని చేసుకోవచ్చు, ఎవరి కిందా కట్టుబడక్కర్లేదు. ఇక్కడే పనిచేయాలనుకునేవాళ్లకు ఇది షరతే కాదు.

ఆ రెండేళ్లూ ఎక్కడ గడపాలి? హైదరాబాద్ బడుల్లో రెండేళ్లు పాఠం చెప్పే టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్, పల్లెల్లో పదమూడు నెలలుండే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా లాంటివి ఉన్నాయి. జీతం కొద్దిగానే. దరఖాస్తు వ్యాసంలో "సమాజానికి సేవ చేయాలని చిన్నప్పట్నుంచీ కోరిక" అని రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. ఒక బడిలో ఏడో తరగతి పిల్లలు తీసివేతలు చేయలేకపోవడం చూసి తానేం చేసిందో, ఏది పనిచేయలేదో రాయగలిగిన అమ్మాయి ఇంటర్వ్యూ దాకా వెళుతుంది.

అప్పు తప్పనిసరైతే 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి ముందు చూడండి. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరేవాళ్లకు హామీ లేకుండా రుణం, ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్నవాళ్లకు పది లక్షల దాకా అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ. ఇది దేశంలో చదువుకి, విదేశాలకు కాదు.

కాగితాలు, తేదీలు

అర్హత ఉండీ డబ్బు రానివాళ్లలో చాలామందిది పేరు తేడా. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో చివరుంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరంతో సరిపెట్టేస్తారు. పోర్టల్ ఈ మూడూ ఒకే మనిషివని నమ్మదు. టెన్త్ మెమోని ప్రమాణంగా పెట్టుకుని మిగతా రెంటినీ దానికి సరిచేయించండి. ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి, ఆధార్ అనుసంధానమై ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో తీసుకుంటారు. చివరి వారంలో వెళితే తహసీల్దారు సంతకం కోసం తిరగాల్సి వస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒకసారి రిజిస్ట్రేషన్ చేసుకుంటే వచ్చే నంబరు చదువు మొత్తానికీ పనికొస్తుంది, రాసి దాచుకోండి.

ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష మామూలుగా నవంబరు, డిసెంబరుల్లో. చెవెనింగ్ ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూసేస్తారు, కామన్వెల్త్ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. సిఫారసు లేఖలు రాయాల్సిన మాస్టార్లకు జూలైలోనే చెప్పి, మీరు చేసిన పని ఒక పేజీలో రాసి వాళ్ల చేతికివ్వండి.